రబ్ చేశాం సరే, జాగా ఏదీ?

అందరికీ నమస్కారమండి. విజయనగరంలో పిల్లలకి డిస్కుల గురించి చెప్పమన్నారు, భోజనాల టైం దగ్గరపడింది కాబట్టి సూటిగా మేటర్‌లోకి వచ్చేస్తాను.

స్క్రీన్ చూడండి. ఈ పార్టిషన్ నిల్ఫ్స్2, అంటే లినక్స్‌లో ఫైళ్ళని డిస్కు మీద సర్దిపెట్టే ఒక ఫైల్ సిస్టమ్, ఇందులో పెద్ద వీడియో ఒకటి ఇప్పుడే ఆర్ఎం (ఫైలు తీసేసే కమాండ్) కొట్టాను, డీఎఫ్ (ఖాళీ ఎంతుందో చూపించేది) కొడితే ఖాళీ ఏటీ పెరగలేదు. బగ్ కాదమ్మా, ఇది లాగ్ స్ట్రక్చర్డ్ రకం, అంటే పాతదాని మీద రాయడం ఉండదు, ఎప్పుడూ కొసనే రాసుకుంటూ పోతుంది, డిలీట్ చేసినా అదీ కొత్త రాతే, పాత బ్లాకులు ఎక్కడివక్కడే పడుంటాయి.

మరి జాగా ఎవరిస్తారు? క్లీనర్. 1991లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ నుంచి రోసెన్‌బ్లమ్, ఔస్టర్‌హౌట్ వేసిన పేపర్లోనే ఉంది ఇది. డిస్కంతా సెగ్మెంట్లు, అంటే బోలెడు బ్లాకులు పట్టే పెద్ద ముక్కలు. మన ఆర్టీసీ కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సులు మూడింట్లో పదేసి మందే ఉంటే అందర్నీ ఒకదాన్లోకి ఎక్కించేస్తే రెండు బస్సులు ఖాళీ, అంతే, పనికొచ్చే బ్లాకుల్ని వేరేచోట సర్ది పాత సెగ్మెంట్లు వదిలేస్తుంది.

అసలు గొడవ ఖర్చు దగ్గరుంది. సెగ్మెంట్లలో 80 శాతం బతికున్న డేటా, అంటే ఇంకా పనికొచ్చేది, ఉందనుకోండి, ఒక ఎంబీ కొత్తది రాయాలంటే చదవడం, రాయడం అన్నీ కలిపి పది ఎంబీల పని పడుతుంది! సగమే నిండి ఉంటే నాలుగు. అందుకే డిస్కు నిండేకొద్దీ స్లో అయిపోతుంది, అప్పుడు ర్యామ్ పెంచుదామా సార్ అంటారు, ఏటి పెంచుతారు?

ఇంకో తమాషా, ఎక్కువ ఖాళీ ఉన్న సెగ్మెంట్‌నే ముందు తీసుకోవడం మంచిదనిపిస్తుంది కదా, ఆ పేపర్ వాళ్ళ సిమ్యులేషన్లో అది సరిగ్గా పనిచెయ్యలేదు. రోజూ మారే డేటా కాసేపు ఆగితే దానంతటదే చచ్చిపోతుంది, తొందరపడి మోస్తే దండగ. కదలని డేటా మధ్య ఇరుక్కున్న ఖాళీ మాత్రం మనం తీస్తేనే వస్తుంది, అందుకని కదలని సెగ్మెంట్లని 75 శాతం నిండున్నా తీసుకుని, వేడివాటిని, అంటే రోజూ మారేవాటిని, 15 శాతానికి పడేదాకా వదిలేశారు.

నిల్ఫ్స్2లో ఈ పని వెనకాల నడిచే క్లీనర్‌డీ అనే ప్రోగ్రామ్‌ది. మామూలు సెట్టింగుల్లో ఖాళీ సెగ్మెంట్లు 10 శాతం కిందకి పడితే గానీ లేవదు, 20 దాటితే మళ్ళీ పడుకుంటుంది, పైగా గత 3600 సెకన్ల లోపు చెక్‌పాయింట్లని, అంటే ఆయా క్షణాల్లో డిస్కు ఎలా ఉందో దాచిన గుర్తుల్ని, ముట్టుకోదు. ఇవన్నీ బాగానే ఉన్నా జాగా రాట్లేదంటే చెక్‌పాయింట్ల జాబితా చూపించే ఎల్ఎస్‌సీపీ కమాండ్ కొట్టండి, ఎప్పుడో పెట్టి మర్చిపోయిన స్నాప్‌షాట్, అంటే చెరపొద్దని దాచిన చెక్‌పాయింట్, ఎస్ఎస్ అని కనిపిస్తుంది, దాన్ని సీహెచ్‌సీపీ కమాండ్‌తో సీపీగా, అంటే మామూలు చెక్‌పాయింట్‌గా, మార్చేదాకా క్లీనర్ ఆ బ్లాకుల జోలికే రాదు.