జంట తారల కక్ష్య: తీసెయ్యాల్సిన కదలికలు

శ్రోతలకు నమస్కారం.

జూన్ నెలలో రాత్రి పది గంటల వేళ బెంగళూరులో మిద్దె ఎక్కి, నడినెత్తి నుంచి కాస్త ఉత్తరంగా చూస్తే ఉత్తర కిరీట మండలం ఉంటుంది. అందులోని టి కరోనే బొరియాలిస్ మామూలుగా కంటికి ఆనదు. 1866లో, 1946లో పేలినప్పుడు మాత్రం టెలిస్కోపు లేకుండానే కనిపించింది. నిజానికి అది జంట తార. ఉబ్బిపోయిన అరుణ మహాతార ఒకటి. దాని వాయువును లాక్కుంటున్న శ్వేత కుబ్జం, అంటే ఆరిపోయిన తార తాలూకు చిన్న, దట్టమైన గుండె, మరొకటి. ఇలాంటి జంటలను సింబయాటిక్ తారలంటారు. చిన్నదాని బరువు తేలాలంటే ముందు కక్ష్య తెలియాలి.

కక్ష్య కోసం మహాతార మనవైపు వస్తోందా, దూరం పోతోందా, ఎంత వేగంతో అన్నది నెలల తరబడి కొలుస్తారు. దాని వర్ణపటంలోని నల్ల గీతలు, అంటే రేఖలు, ఎంత జరిగాయో చూస్తే ఆ వేగం తెలుస్తుంది. మామూలు వెలుగులో ఈ పని చిరాకు. చిన్నదాని చుట్టూ ఉన్న వేడి వాయువు వెలుగు మహాతార రేఖలను పలచబరుస్తుంది. అందుకే పరారుణానికి వెళతారు. 1.6 మైక్రాన్ల దగ్గర మహాతారదే రాజ్యం. కార్బన్ మోనాక్సైడ్, ఇనుము, టైటానియం రేఖలు చక్కగా దొరుకుతాయి.

అక్కడ సెకనుకు 1 కిలోమీటరు వేగం రేఖను జరిపేది 0.005 నానోమీటర్లే. కాబట్టి ఈ పనిలో సగానికి పైగా తీసివేతలే. గిన్నె బరువు తీసెయ్యకుండా నెయ్యి తూచినట్టు ఉంటుంది లేకపోతే.

మొదటిది గాలి. మన వాతావరణంలోని నీటి ఆవిరి, మీథేన్, కార్బన్ డయాక్సైడ్ తమ రేఖలు తామూ వేస్తాయి. అందుకని అదే రాత్రి, దాదాపు అదే ఎత్తులో ఉన్న వేడి తెల్ల తారను కూడా తీసి, దాంతో భాగిస్తారు. ఎత్తు తేడా ఎక్కువైతే గాలి రేఖలు సరిగా పోవు. మిగిలిన మరక తార రేఖ పక్కన చేరి కొలతను లాగేస్తుంది. ఆకాశపు సొంత వెలుగు పోవడానికి తారను పరికరంలోకి వెలుగు వెళ్ళే సన్నని చీలిక మీద రెండు చోట్ల పెట్టి తీసి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తారు.

రెండోది భూమి. రాశిచక్రం దగ్గరి తార విషయంలో మన పరిభ్రమణమే ఏడాదిలో సెకనుకు 30 కిలోమీటర్లు అటూ ఇటూ ఊపుతుంది. టి కరోనే మహాతార ఊపు 24 మాత్రమే! భూమి ఊపును తీసేసే సవరణలో ప్లస్ మైనస్‌గా మారిందా, 365 రోజుల దొంగ కక్ష్య పుట్టుకొస్తుంది. ఏడాదికి దగ్గరగా కాలావధి వస్తే ముందు అనుమానించాల్సింది ఆ గుర్తునే.

ఇక పరికరం. కోరమంగళలోని భారత ఖగోళ భౌతిక సంస్థవారి లద్దాఖ్ హాన్లే టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోసకోట నుంచే నడుపుతారు. దాని టిర్‌స్పెక్ పరారుణ వర్ణపటమాపకం విభేదన, అంటే దగ్గరి రంగులను విడదీసే శక్తి, సుమారు 1200. అంటే 250 కిలోమీటర్ల వేగం ఒక్క ముద్దగా కనిపిస్తుంది. ఏయే మూలకాలున్నాయో చూడటానికి బాగుంటుంది, కక్ష్యకు చాలదు. కావాల్సింది 40 వేలకు పైమాటే. అద్దం సైజు కాదు ఇక్కడ ముఖ్యం. 2000లో ఫెకెల్, హింకిల్, జాయిస్‌ల బృందం అమెరికాలోని కిట్ పీక్‌లో 0.9 మీటర్ల టెలిస్కోపుతోనే పలు జంటల కక్ష్యలు తేల్చింది. తమిళనాడులోని మన కవలూరు టెలిస్కోపు అద్దమే 2.34 మీటర్లు!

టి కరోనేకు వచ్చిన కాలావధి 227.6 రోజులు, కక్ష్య వృత్తాకారం. ఈ కాలావధి, ఇందాకటి 24 కిలోమీటర్ల ఊపు నుంచి కట్టే ద్రవ్యరాశి ప్రమేయం విలువ 0.32 సూర్య ద్రవ్యరాశులు. చాలామంది దీన్నే శ్వేత కుబ్జం బరువనుకుంటారు. కాదు, అంతకంటే తక్కువ ఉండదని మాత్రమే అర్థం. అసలు బరువుకు కక్ష్య వాలు, మహాతార బరువు వేరే దారిలో తెలియాలి.

చివరిది అన్నిటికంటే మొండిది: మహాతార సొంత స్పందన. దాని ఉపరితలం పొంగుతూ కుంగుతూ ఉంటే రేఖలూ జరుగుతాయి, కక్ష్యలాగే కనిపిస్తుంది. సిహెచ్ సిగ్ని అనే మరో సింబయాటిక్ తార వేగాల్లో రెండు లయలు దొరికాయి: ఒకటి 756 రోజులది, ఇంకొకటి సుమారు పదిహేనేళ్ళది. 1993లో హింకిల్ బృందం దాన్ని మూడు తారల కుటుంబమంది. 2009కి మరిన్ని కొలతలు చేరాక అదే హింకిల్ బృందం ఆ మూడో తారను కొట్టేసింది. 15.6 ఏళ్ళది అసలు కక్ష్య అని తేల్చింది, 756 రోజులది బహుశా స్పందన కావచ్చంది.