తెల్లవారేలోగా గడప ముందుకు: ఒక తెలుగు పత్రిక జిల్లా జిల్లాకూ విస్తరించిన తీరు

[తెరపై చీకటి. వ్యాను ఆగిన చప్పుడు, పత్రికల కట్టలు నేల మీద పడిన చప్పుడు. నెమ్మదిగా వీధి దీపం వెలుగు.]

విశాఖపట్నంలో 1970ల మొదట్లో దినపత్రిక తెప్పించుకునే ఇంట్లో పొద్దుటి కాఫీకీ పత్రికకూ పొత్తు కుదిరేది కాదు. పేరున్న తెలుగు దినపత్రికలు ప్రధానంగా విజయవాడ, హైదరాబాదు నగరాల్లో అచ్చయ్యేవి. విజయవాడ నుంచి విశాఖకు రైలు దారిన దాదాపు 350 కిలోమీటర్లు. ఆ దూరం దాటి పత్రిక వచ్చేసరికి పొద్దెక్కేది, ఉద్యోగి ఆఫీసుకు వెళ్ళిపోయేవాడు, వార్త చద్దిదైపోయేది. పైగా ఆ పత్రికలో విశాఖ గురించి ఉండేది కూడా తక్కువే.

ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్న నగరమది. ఉక్కు కర్మాగారం కోసం 1966లో రాష్ట్రమంతా ఉద్యమించగా, 1971లో దానికి శంకుస్థాపన కూడా జరిగింది. జీతాలు వచ్చే కుటుంబాలు, చదువుకున్న కుర్రవాళ్ళు, కొత్త కాలనీలు పెరుగుతున్న అటువంటి ఊరికి పత్రిక మాత్రం పొరుగూరి నుంచి రావలసి వచ్చేది. ఈ ఖాళీలోకి 1974 ఆగస్టు 10న ‘ఈనాడు’ అడుగుపెట్టింది.

[తెరపై: పాత ఆంధ్రప్రదేశ్ పటం. విజయవాడ, హైదరాబాదు మీద ఎర్ర చుక్కలు. విశాఖ మీద కొత్తగా ఒక చుక్క వెలుగుతుంది.]

స్థాపకుడు చెరుకూరి రామోజీరావు. కృష్ణా జిల్లా పెదపారుపూడిలో రైతు కుటుంబంలో పుట్టిన ఆయన 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్‌ను, 1969లో రైతుల కోసం ‘అన్నదాత’ మాసపత్రికను ప్రారంభించారు. ఈ రెండు పాత వ్యాపారాలనూ పత్రిక చరిత్రలో చాలామంది ఒక వాక్యంతో దాటేస్తారు కానీ, అసలు పాఠశాల అదేనని నా అభిప్రాయం. చిట్టీల వ్యాపారం నడిపేవాడికి చిన్న పట్టణపు గుమాస్తా, బడిపంతులు, కిరాణా వర్తకుడు నెలకు ఎంత మిగుల్చుకుంటారో, దేనికి డబ్బు తీస్తారో తెలుస్తుంది. రైతు పత్రిక నడిపేవాడికి పల్లెలో చదివేవాళ్ళు ఉన్నారని తెలుస్తుంది. దినపత్రికకు ఈ రెండు సంగతులూ అవసరమే.

తొలి సంపాదకుడు ఏబీకే ప్రసాద్. పత్రికను ప్రచురించిన సంస్థ పేరు ఉషోదయ పబ్లికేషన్స్. తెల్లవారేలోగా పత్రిక గడప ముందు ఉండాలన్న పట్టుదలకు ఇంతకన్నా తగిన పేరు దొరకదు. నగరంలోనే అచ్చువేసి, నగరంలోనే పంచి, నిద్ర లేచేసరికి ఇంటికి చేర్చడమే మొదటి ఆకర్షణ. వాక్యాలను చిన్నవి చేసి, మాట్లాడే భాషకు దగ్గరగా శీర్షికలు పెట్టడం రెండోది. మిగతావన్నీ తరువాత వచ్చాయి.

ఆ లెక్క విశాఖలో కుదిరాక, దాన్నే వేరేచోట వేయడం మొదలైంది. 1975లో హైదరాబాదులోనూ, 1978లో విజయవాడలోనూ, 1982లో తిరుపతిలోనూ ముద్రణ కేంద్రాలు వచ్చాయి. విజయవాడకు వెళ్ళడమంటే పాత పత్రికల పుట్టింట్లోకే వెళ్ళి పోటీకి నిలబడడం. ఆ తరువాత రాజమండ్రి, అనంతపురం, కరీంనగర్ వంటి ఊళ్ళు కూడా ఆ వరుసలో చేరాయి.

[తెరపై: పటం మీద ఒక్కో కేంద్రం చుట్టూ వలయం. వ్యాను ఒక రాత్రిలో వెళ్ళి రాగల దూరమే ఆ వలయపు హద్దు.]

ఈ వలయాలను కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే పత్రిక విస్తరణను నిర్ణయించింది భావాలకన్నా ముందు బండి వేగం. రాత్రి అచ్చు మొదలైనప్పుడు అందరికన్నా దూరాన ఉన్న ఊళ్ళ కట్టలు ముందు కట్టాలి, అచ్చయిన ఊరికి చెందిన సిటీ ఎడిషన్ అన్నిటికన్నా చివర రావాలి. కాబట్టి దూరపు పాఠకుడికి వార్త ముందే ముగిసిపోతుంది. రాత్రి పది గంటలకు జరిగిన ప్రమాదం నగరవాసి చదువుతాడు, దూరపు పల్లెవాడు మరునాటి పత్రికలో చదువుతాడు. ఈ అన్యాయాన్ని తగ్గించే మార్గం ఒక్కటే: ముద్రణ కేంద్రాన్ని పాఠకుడికి దగ్గరగా జరపడం. ఆఫ్‌సెట్ ముద్రణ, ఆ తరువాత కంప్యూటరు మీద తెలుగు అక్షరాల కూర్పు, తయారైన పేజీని మరో ఊరికి తంతిమార్గంలో పంపగల సౌకర్యం వచ్చేకొద్దీ అది సాధ్యమైంది.

అయితే ముద్రణ కేంద్రం ఎంత దగ్గరికి వచ్చినా, లోపలి వార్తలు మాత్రం రాజధానివే అయితే పల్లెవాడికి ప్రయోజనం కొంతే. అసలు మలుపు 1989లో వచ్చింది. ప్రధాన పత్రిక మడతలో, దానికి సగం పరిమాణంలో, ఒక్కో జిల్లాకు ఒక్కో ప్రత్యేక టాబ్లాయిడ్ పెట్టడం ఈనాడు ప్రారంభించింది. పాఠకులు దాన్ని ‘జిల్లా పేపరు’ అనీ, ‘మినీ’ అనీ పిలుచుకున్నారు.

జిల్లా స్థాయి పత్రికలు తెలుగువారికి కొత్త కాదన్న మాట ఇక్కడ చెప్పుకోవాలి. మచిలీపట్నం నుంచి 1902లో వెలువడిన ‘కృష్ణా పత్రిక’ పేరులోనే జిల్లా ఉంది. నెల్లూరులో ‘జమీన్ రైతు’ వారపత్రిక దశాబ్దాల పాటు ఆ జిల్లా రాజకీయాలకు అద్దం పట్టింది. కానీ అవి సంపాదకుడి వ్యక్తిత్వం మీద, పట్టుదల మీద నిలబడిన పత్రికలు. 1989లో జరిగినది వేరు: ఒకే సంస్థ, ఒకే రాత్రి, అన్ని జిల్లాలకూ వేరువేరు స్థానిక పత్రికలను తయారుచేసి, వాటిని రాష్ట్ర పత్రికతో కలిపి అదే ధరకు ఇవ్వడం.

[తెరపై: తెనాలిలో ఒక బట్టల దుకాణం ముందుభాగం, బొమ్మ రూపంలో. దుకాణదారు చేతిలో ప్రకటన కాగితం.]

ఇది ఎందుకు గిట్టుబాటైందో అర్థం కావాలంటే తెనాలిలోని ఒక బట్టల దుకాణాన్ని ఊహించుకోండి. పత్రికలో ప్రకటన ధరను కాలమ్ సెంటీమీటరు (ఒక కాలమ్ వెడల్పున, ఒక సెంటీమీటరు ఎత్తున ఉండే చోటు) చొప్పున కడతారు, ఆ ధర ఎన్ని ప్రతుల్లో అచ్చవుతుందన్న దాన్ని బట్టి పెరుగుతుంది. రాష్ట్రమంతటికీ వెళ్ళే పేజీలో ఆషాఢం తగ్గింపు ప్రకటన వేస్తే, దుకాణదారు పలాస పాఠకుడికీ ఆదిలాబాదు పాఠకుడికీ కూడా డబ్బు కట్టినట్టే. పలాస నుంచి చీర కొనడానికి ఎవరూ తెనాలి రారు. అందుకే అటువంటి వ్యాపారి అంతకుముందు పత్రిక వైపు చూసేవాడు కాదు, గోడ మీద రాయించేవాడు, రిక్షాకు మైకు కట్టించేవాడు, సినిమా హాల్లో స్లైడు వేయించేవాడు. జిల్లా వరకే వెళ్ళే పేజీ వచ్చేసరికి అతడికి అందుబాటు ధరలో, తన కొనుగోలుదారులు మాత్రమే ఉన్న పత్రిక దొరికింది.

దుకాణాల వెనుకే విద్యాసంస్థలు, ఆసుపత్రులు, స్థలాల వ్యాపారులు వచ్చారు. ఎంసెట్ ఫలితాల మరునాడు ర్యాంకుల ఫొటోలతో నిండిన పేజీలు, ఉగాదికీ సంక్రాంతికీ మండల స్థాయి నాయకుల పాస్‌పోర్టు సైజు ముఖాలు వరుసగా పేర్చిన శుభాకాంక్షలు, పెద్దదినాలకు శ్రద్ధాంజలి ప్రకటనలు జిల్లా పేజీలకు శాశ్వత అతిథులయ్యాయి. వీటిని చూసి నవ్వడం తేలిక, కానీ విలేకరి బస్సు ఛార్జీలో కొంతభాగం ఆ ముఖాల నుంచే వచ్చిందన్నది మరువరాదు.

వార్త వైపు చూస్తే, కాలం కూడా కలిసివచ్చింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1980ల నడుమ తాలూకాలను, సమితులను తీసివేసి, వెయ్యికి పైగా మండలాలను ఏర్పాటు చేసింది. ప్రతి మండల కేంద్రంలోనూ ఒక రెవెన్యూ కార్యాలయం, ఒక అభివృద్ధి కార్యాలయం, దగ్గర్లోనే ఒక పోలీసు స్టేషను ఉండడం వల్ల, రాష్ట్రమంతా వార్త పుట్టే చోట్ల పటం ప్రభుత్వమే గీసి ఇచ్చినట్టయింది. పత్రిక చేయవలసిందల్లా ఆ పటంలో ఒక్కో చుక్క దగ్గర ఒక్కో మనిషిని నిలబెట్టడం. ఆ మనిషే మండల విలేకరి, లేదా కంట్రిబ్యూటర్.

[తెరపై: ఆర్టీసీ బస్సు. కండక్టరు చేతికి ఒక కవరు అందుతుంది. కవరు మీద ‘వార్తలు’ అన్న అక్షరాలు.]

ఫ్యాక్సు రాకముందు అతడి పరికరాలు కలం, తెల్లకాగితం, ఒక కవరు. సాయంత్రం బస్సుకు వార్తల కవరు అందిస్తే, జిల్లా కేంద్రంలో ఎవరో వెళ్ళి తీసుకునేవారు. ఎరువుల కొరత, రైల్వేగేటు దగ్గర ప్రమాదం, కాలువ చివరి భూములకు అందని నీరు, బడిలో పంతులు లేని సంగతి ఇలా ఒక్కో కవరులో ప్రయాణం చేసి, మరునాడు అచ్చై అదే ఊరికి తిరిగివచ్చేవి. గుంటూరు మిర్చి, దుగ్గిరాల పసుపు, ఆదోని పత్తి ధరలు తెలుసుకోవడానికి రైతు ఇక దళారి మాట మీద ఆధారపడనక్కర లేకపోయింది. తమ ఊరి పేరు అచ్చులో చూసుకున్న ఆనందాన్ని నేను తక్కువ చేసి చెప్పను: ఊళ్ళో గ్రంథాలయంలో ఆ పేజీ ముందు నలిగిపోయేది, ప్రధాన పత్రిక సాయంత్రం వరకూ ఇస్త్రీ మడత చెదరకుండా ఉండేది.

అదే కాలంలో చదవగలిగేవారు కూడా పెరుగుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 1991 జనగణనలో 44 శాతం ఉండగా, 2001 నాటికి 60 శాతం దాటింది. ఈ పెరుగుదలకూ స్థానిక వార్తకూ ఉన్న బంధం నెల్లూరు జిల్లా దూబగుంటలో స్పష్టంగా కనబడింది. అక్షరాస్యత తరగతులకు వెళ్ళిన మహిళలు సారా దుకాణాన్ని మూయించడంతో మొదలైన ఉద్యమాన్ని ఈనాడు జిల్లా హద్దు దాటించి, 1992లో రోజుల తరబడి రాష్ట్రమంతటా ప్రచురించింది. ఒక ఊరి మహిళలు చేసినది మరో ఊరి మహిళలు చదివారు, చదివించుకుని విన్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. ఉద్యమం మహిళలది, పత్రికది కాదు. అయినా అది ఊరి నుంచి ఊరికి పాకిన వేగంలో పత్రిక వాటా పెద్దదే.

కానీ దూబగుంట మినహాయింపు అన్న సంగతి దాచకూడదు. జిల్లా పేజీ అనే ఏర్పాటు సహజ గుణం వార్తను జిల్లాలోనే ఆపడం. అనంతపురం పాఠకుడికి శ్రీకాకుళం వలస కూలీల కబురు అందదు, ఖమ్మంలో ఎండిన పైరు గురించి ఒంగోలు రైతుకు తెలియదు. ఒకే ఇబ్బంది పది జిల్లాల్లో విడివిడిగా పది చిన్న వార్తలై, ఎక్కడా పెద్ద వార్త కాకుండా పోయే ప్రమాదం ఈ పద్ధతిలో ఎప్పుడూ ఉంది. పత్రికారంగాన్ని పరిశీలించినవారు ఈ విమర్శను పదేపదే చేశారు, నాకూ అది సరైనదే అనిపిస్తుంది.

రెండో చిక్కు విలేకరికి సంబంధించినది, ఇది ఏ ఒక్క పత్రికకో పరిమితం కాదు. మండల విలేకరులలో ఎక్కువమంది నెల జీతగాళ్ళు కారు, అచ్చయిన వార్తను సెంటీమీటర్లలో కొలిచి ఇచ్చే స్వల్ప పారితోషికమే వారి ఆదాయం. తెలుగు పత్రికారంగంలో చాలాచోట్ల ప్రకటనలు తెచ్చే బాధ్యత, కొన్నిచోట్ల చందాదారులను చేర్చే బాధ్యత కూడా వారి మీదే పడింది. ఉదయం ఎవరిని ప్రశ్నించాలో సాయంత్రం వారినే శుభాకాంక్షల ప్రకటన అడగవలసి వస్తే, కలం ఎంతవరకు నిలుస్తుందో ఊహించవచ్చు.

[తెరపై: ఒకే గది, ఎన్నో బల్లలు. ప్రతి బల్ల మీద ఒక జిల్లా పేరు.]

ఈ నమూనాను పోటీదారులు తప్పనిసరిగా అనుసరించవలసి వచ్చింది. ఒకప్పుడు కొత్త పత్రిక ఒక నగరంలో మొదలై, నిలదొక్కుకున్నాక మరో నగరానికి వెళ్ళేది. ‘సాక్షి’ 2008 మార్చిలో ఒకేసారి 23 ఎడిషన్లతో మొదలుకావలసి వచ్చిందంటే, జిల్లా పేజీలు లేకుండా తెలుగు పాఠకుడి గడప తొక్కలేమన్న అంచనా అప్పటికి ఎంత బలపడిందో తెలుస్తుంది. ఆ మేరకు ప్రవేశ రుసుము కూడా పెరిగింది: చిన్న పెట్టుబడితో దినపత్రిక పెట్టాలనుకునేవారికి దారి మూసుకుపోయింది.

ఆ తరువాత హద్దులే మారిపోయాయి. 2014లో రాష్ట్రం రెండైంది. తెలంగాణలో 2016లో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఈ నడుమనే, 2020 లాక్‌డౌన్ కాలంలో ప్రకటనలు పడిపోయి పత్రికలు పేజీలను బాగా కుదించుకున్నాయి. ఊరి వార్త ఇప్పుడు అచ్చు కోసం ఆగకుండా, మండల విలేకరి ఫోన్ నుంచే వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిపోతోంది.

జిల్లా చిన్నదైతే వార్తకు మంచిదే, కలెక్టరు కార్యాలయం దగ్గరైనట్టే విలేకరి కూడా దగ్గరవుతాడు. కానీ ప్రకటన లెక్క ప్రభుత్వ గెజిట్‌ను అనుసరించదు. రేపల్లె ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. రేపల్లె నుంచి పెళ్ళి బట్టలకు తెనాలి రైలెక్కే కుటుంబం ఇప్పటికీ అదే రైలెక్కుతుంది. మనం ఇందాక ఊహించుకున్న ఆ బట్టల దుకాణదారు మాత్రం ఇప్పుడు రెండు జిల్లాల పేజీలకు డబ్బు కట్టాలా, ఒకదానితో సరిపెట్టుకోవాలా అని ఏజెంటును అడుగుతాడు.

[తెరపై: తెనాలి స్టేషను. రేపల్లె ప్యాసింజరు నెమ్మదిగా ఆగుతుంది. తెర నల్లబడుతుంది.]