పాకాల పోతే కట్ట మీదే ఆగిపోవద్దు

అందరికీ నమస్కారం. ఆదివారం పాకాల పోతున్నాం కదా, అక్కడ ఎటు నిలబడితే పిట్టలు కనిపిస్తాయో ఇవాళే మాట్లాడుకుందాం. గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన చెరువనీ, చుట్టూ అడవిని 1952లో అభయారణ్యం చేశారనీ మీకు తెలిసిందే.

మనకు చెరువు చూడడమంటే కట్ట ఎక్కడం, మత్తడి దుంకుతుంటే ఫొటో దిగడం. చలికాలం వచ్చే బాతులు చాలావరకు అటు రావు, అక్కడ లోతు ఎక్కువ. సూదితోక బాతునే చూడండి. అది తల నీళ్లలోకి వంచి, తోక పైకి లేపి, మెడ అందినంత వరకే మేస్తుంది. మోకాలి లోపు నీళ్లు కావాలి దానికి. అవి ఉండేది శిఖం వైపు, అంటే కట్టకు ఎదురుగా లోతు తక్కువున్న అంచున. అటే పోదాం, కానీ ఫారెస్టు వాళ్లు చూపిన దారిలోనే. చెరువులో మొసళ్లున్నాయి మరి.

నిండిన చెరువును చూస్తే ఎవరికైనా సంతోషమే. పిట్టల కోసమైతే యాసంగికి నీళ్లు వదిలాక, అంచున బురద తేలిన చెరువే మేలు. ఆ బురదలో పురుగులు ఏరుకోవడానికి ఉల్లంకులు దిగుతాయి. అందుకే జనవరిలో చూసిన చెరువునే ఫిబ్రవరి ఆఖర్లో మళ్లీ చూడమంటాను. ఇంకో మాట. పూడిక తీసేటప్పుడు అంచులు నిలువునా తవ్వితే నీటి నిల్వ పెరుగుతుంది, బాతులకు మేత జాగా పోతుంది. మీ ఊరి చెరువులో పని జరిగితే, ఒక పక్కనైనా వాలుగా వదలమని అడగండి.

తెలంగాణ చెరువులకు వచ్చే వాటిలో నాకు బాగా ఇష్టమైంది బార్ హెడెడ్ గూస్. తెల్లటి తల వెనక రెండు నల్ల పట్టీలుంటాయి. మంగోలియా, టిబెట్, లడఖ్‌లలో పిల్లల్ని చేసి, చలి ముదిరే లోపు హిమాలయాలు దాటి వస్తుంది. 7,000 మీటర్లు దాటిన ఎత్తులో ఎగిరినట్టు ట్రాకర్లు పెట్టి తేల్చారు. దాని హిమోగ్లోబిన్ పల్చటి గాలిలోంచి కూడా ఆక్సిజన్‌ను పట్టుకోగలదు. ఆదివారం కనిపిస్తుందని మాత్రం మాటివ్వలేను.

ఎండలు ముదిరే లోపు ఇవన్నీ తిరిగి పోవాలి. దానికి ఒంట్లో కొవ్వు పట్టాలి. సెల్ఫీ కోసం మనం లేపిన ప్రతిసారీ ఆ కొవ్వే ఖర్చు. మేత ఆపి తల ఎత్తాయంటే ఇంక ఒక్క అడుగు కూడా వేయొద్దు. డ్రోన్ ఊసే వద్దు.

గుంపు పెద్దదైతే ముందు పది పిట్టలు లెక్కపెట్టి, అవి ఎంత మేర ఉన్నాయో చూసి, ఆ కొలతతో మిగతావి అంచనా వేయండి. పేరు తెలియకపోతే తెలియదనే రాయండి, పక్కవాళ్ల నోట్‌బుక్ చూసి రాయొద్దు!

బస్సు తెల్లవారక ముందే కదులుతుంది. ఎర్ర చొక్కాలు, పసుపు చున్నీలు ఇంట్లోనే పెట్టి రండి. టిఫిన్ తిరిగొచ్చేటప్పుడు నర్సంపేటలో.