ఇంట్లో కంప్యూటర్ ఆపాలా, ఆన్‌లోనే వదిలేయాలా? మన బెజవాడ ఎండలకు, కరెంటుకు తగిన సెట్టింగులు

అందరికీ నమస్కారం. ఈ రోజు విషయం సూటిగా చెప్పేస్తాను. పని అయ్యాక ఇంట్లో కంప్యూటర్‌ను ఆపేయాలా, అలాగే వదిలేయాలా? వదిలేయకూడదు. అయితే ప్రతిసారీ షట్‌డౌన్ చేయనక్కర్లేదు. పగలు మధ్యలో లేచి వెళితే స్లీప్, రాత్రికి హైబర్నేట్, అంటే తెరిచినవన్నీ డిస్కు మీద దాచుకుని పూర్తిగా ఆగిపోవడం. విజయవాడ, గుంటూరు ఇళ్లకు హైబర్నేట్‌ను మించినది లేదని నా గట్టి నమ్మకం. ఎందుకో చూపిస్తాను, సెట్టింగ్ కూడా ఇప్పుడే కలిసి మారుద్దాం.

ముందు ఇది చూడండి. ప్లగ్గుకూ కంప్యూటర్‌కూ మధ్య పెట్టిన చిన్న వాట్ మీటరు. ఇప్పుడు కంప్యూటర్ ఏ పనీ చేయడం లేదు, ఒక్క ఫైలు కూడా తెరిచి లేదు. అయినా మీటరు 60 వాట్ల దగ్గర ఊగుతోంది. మానిటర్ లెక్క వేరే, అది ఇందులో లేదు. ఇప్పుడు స్లీప్ నొక్కుతున్నాను. ఫ్యాన్ ఆగింది... చూడండి, చూడండి... 3 వాట్లు. 60 ఎక్కడ, 3 ఎక్కడ.

రోజంతా 60 వాట్ల చొప్పున నెల రోజులు వదిలేస్తే 43 యూనిట్లు. స్లీప్‌లో ఉంచితే రెండు యూనిట్ల పైచిలుకు, అంతే. వేసవిలో ఏసీ, కూలర్ తిరిగే ఇంట్లో బిల్లు ఎలాగూ పై శ్లాబుకు వెళుతుంది కదా, ఈ 43 యూనిట్లూ ఆ పై శ్లాబు ధరకే పడతాయి. అందుకే దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దంటున్నాను.

ఇక రోజూ ఆపి వేస్తుంటే కంప్యూటర్ పాడైపోతుందన్న భయం. చాలా ఇళ్లలో పెద్దవాళ్లు ఇది చెబుతారు. పాత రోజుల హార్డ్ డిస్కులు ఆగి, మళ్లీ తిరగడం మొదలుపెట్టేటప్పుడు కొంత అరిగేవి, ఆ మాట అక్కడి నుంచి వచ్చింది. కానీ ఆ డిస్కులను కూడా 50,000 సార్లు ఆగి తిరిగినా తట్టుకునేలా తయారుచేసేవారు. రోజుకు పదిసార్లు ఆపినా పదమూడేళ్లు పడుతుంది. ఇప్పుడు హార్డ్ డిస్కు బదులు వాడే ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. కాబట్టి ఆ భయం వదిలేయండి.

మన దగ్గర కంప్యూటర్‌కు అసలు శత్రువులు వేరే. ఒకటి వేడి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండల్లో తలుపులు వేసిన గదిలో కంప్యూటర్‌ను పగలంతా ఆన్‌లో ఉంచితే లోపలి ఫ్యాను ఆ వేడి గాలినే మళ్లీ మళ్లీ పీలుస్తుంది. వేడితో పాటు దుమ్మూ పీలుస్తుంది. ఇంకొకటి కరెంటు. సాయంత్రం గాలిదుమారం లేవగానే కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. మీ ఇంట్లో కంప్యూటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో ఉందో లేదో ఒకసారి చూసుకోండి, చాలా ఇళ్లలో ఫ్యాన్లకు, లైట్లకే కలుపుతారు. కలిపి ఉన్నా, చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అది ఆ మోడ్‌లో ఉండాలి. లేకపోతే మారే ఆ క్షణంలోనే కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది.

స్లీప్‌కు ఉన్న ఇబ్బంది సరిగ్గా ఇదే. స్లీప్‌లో మీరు తెరిచినవన్నీ ర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలో ఉంటాయి. కరెంటు పోతే ర్యామ్ ఖాళీ, సేవ్ చేయనిది పోయినట్లే. హైబర్నేట్ అలా కాదు, ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసేసి పూర్తిగా ఆగిపోతుంది. రాత్రంతా కరెంటు లేకపోయినా పొద్దున బటన్ నొక్కితే సగం టైపు చేసిన ఉత్తరం ఎక్కడ ఆపారో అక్కడే ఉంటుంది.

సరే, సెట్టింగ్. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి. పవర్‌సీఎఫ్‌జీ, చుక్క, సీపీఎల్ అని టైపు చేసి ఎంటర్. పవర్ ఆప్షన్స్ వచ్చింది. ఎడమవైపు నేను పసుపు గీత గీసిన లైను, 'చూజ్ వాట్ ది పవర్ బటన్స్ డూ' అన్నది నొక్కండి. వచ్చేసింది.

ఇక్కడ ఆగండి. నేను చాలాకాలం ఆగిపోయింది ఇక్కడే, అందుకే నెమ్మదిగా చెబుతాను. కింద ఫాస్ట్ స్టార్టప్, స్లీప్, హైబర్నేట్ అని గడులు ఉన్నాయి. నొక్కండి. ఏమీ జరగదు. గడులన్నీ బూడిద రంగులో ఉన్నాయి చూడండి. కంప్యూటర్‌లో లోపమేమీ లేదు. పైన, అక్షరాల మధ్యలో, పక్కన చిన్న డాలు బొమ్మతో నీలి రంగు లైను ఒకటి ఉంది. ముందు దాన్ని నొక్కాలి. నొక్కాను... ఇప్పుడు కింద గడులు వెలిగాయి. హైబర్నేట్‌కు టిక్ పెట్టండి. ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. సేవ్.

ఫాస్ట్ స్టార్టప్ ఎందుకు తీసేయమన్నానంటే, ఇది 2012లో విండోస్ 8తో వచ్చింది. ఇది ఉన్నప్పుడు మీరు షట్‌డౌన్ నొక్కినా కంప్యూటర్ పూర్తిగా ఆగదు. మీ ప్రోగ్రాములు మూసుకుంటాయి కానీ, విండోస్ లోపలి భాగాన్ని డిస్కు మీద దాచి, మర్నాడు దాన్నే తెచ్చుకుంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్‌ఫార్మెన్స్ చూడండి, అక్కడ అప్ టైమ్ అని ఉంటుంది. ప్రతి రాత్రీ ఆపుతున్నా అది రోజులకు రోజులు చూపిస్తుంటే కారణం ఇదే. ప్రింటర్ మొరాయించినా, వైఫై పట్టకపోయినా షట్‌డౌన్‌తో బాగుపడనిది రీస్టార్ట్‌తో బాగుపడేది కూడా ఇందుకే. ఎస్‌ఎస్‌డీ ఉంటే టిక్ తీసినా తేడా కొన్ని సెకన్లే. హైబర్నేట్‌లో కూడా విండోస్ కొత్తగా మొదలు కాదు, కాబట్టి వారానికి ఒకసారి రీస్టార్ట్ కొట్టండి.

హైబర్నేట్ గడే కనిపించకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఇది కొట్టండి, స్క్రీన్ మీద ఉంది: పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ హెచ్, ఖాళీ, ఆన్. అయిపోయింది.

నాకు బాగా ఇష్టమైన షార్ట్‌కట్ చెప్పనా? విండోస్, ఎక్స్. తర్వాత యూ. తర్వాత హెచ్. మౌస్ ముట్టనక్కర్లేదు, హైబర్నేట్‌లోకి వెళుతుంది. చివర హెచ్ బదులు ఎస్ కొడితే స్లీప్, ఆర్ అయితే రీస్టార్ట్. ఈ మూడూ వేళ్లకు అలవాటైతే స్టార్ట్ మెనూతో పనే ఉండదు.

రాత్రి పెద్ద ఫైలు డౌన్‌లోడ్ పెట్టి పడుకునేవారు కమాండ్ ప్రాంప్ట్‌లో షట్‌డౌన్, ఖాళీ, స్లాష్ ఎస్, ఖాళీ, స్లాష్ టీ, ఖాళీ, 3600 అని కొట్టండి. గంట తర్వాత దానంతట అదే ఆగుతుంది. మనసు మారితే షట్‌డౌన్ స్లాష్ ఏ.

గోడ స్విచ్ ఎప్పుడు ఆపాలి? హైబర్నేట్ నొక్కగానే ఆపకండి. తెర నల్లబడ్డాక కూడా డిస్కు మీద రాస్తూనే ఉంటుంది. ఈ పవర్ లైటు చూడండి, ఇంకా వెలుగుతోంది... ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోందా... ఇప్పుడు ఆగింది, లైటూ ఆరింది. ఇప్పుడు స్విచ్ ఆపండి. లైటు మెల్లగా మిణుకుమిణుకుమంటుంటే అది స్లీప్, అప్పుడు స్విచ్ ముట్టుకోవద్దు.

ఉరుముల రోజు స్విచ్ ఒక్కటే చాలదు. ప్లగ్గు ఊడదీయండి, రౌటర్ నుంచి వచ్చే నెట్‌వర్క్ తీగ కూడా తీసేయండి, పిడుగు దెబ్బ ఆ తీగ గుండా కూడా వస్తుంది. సీపీయూను, స్పైక్ బోర్డును నేల మీద పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో అందరం చూశాం.

ల్యాప్‌టాప్ వాళ్లకు ఒక్క మాట. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్ ఏ కొట్టి చూడండి. ఉన్నవాటి జాబితాలో ఎస్ సున్నా అని వస్తే మీ ల్యాప్‌టాప్ స్లీప్‌లో కూడా నెట్‌తో మాట్లాడుతూ ఉండవచ్చు. మూత వేసి సంచిలో పెడితే సంచిలోనే వేడెక్కుతుంది. పినాకిని ఎక్కి చెన్నై వెళ్లే లోపు ఛార్జింగ్ సగానికి పడిపోతోందంటే ముందు చూడవలసింది ఇదే. ఇందాకటి పేజీలోనే పైన, మూత వేస్తే ఏం చేయాలన్న చోట స్లీప్ తీసి హైబర్నేట్ పెట్టండి. రెండు గడులు ఉంటాయి, బ్యాటరీకి ఒకటి, ఛార్జర్‌కు ఒకటి. రెండూ మార్చి సేవ్ నొక్కండి.