తలుపు సందులో దారం: ఫాంటసీ కథకు పొంచి వినే పరికరం

యాంకర్: రాజుగారి మంతనాలు తలుపు బయటి నుంచి వినాలి. కథకు ఒక మంత్రపు పరికరం కావాలి. ఎక్కడ మొదలుపెడదామండీ?

రచయిత: పిల్లలు ఆడుకునే అగ్గిపెట్టె ఫోన్ దగ్గర. దారం బిగుతుగా ఉన్నంతసేపే మాట వెళ్తుంది. వదులైతే పోయింది. మధ్యలో తలుపు అంచుకు ఆనినా పోయింది, కంపనమంతా చెక్కలోకి దిగిపోతుంది కాబట్టి. అందుకని మంత్రానికి ఒక్కటే పని ఇవ్వండి: మూల తిరిగినా దారం బిగువు సడలకూడదు. మిగతాదంతా మామూలు దారమే.

యాంకర్: మంత్రమే మొత్తం వినిపించేస్తే?

రచయిత: ఇక ఆ కోటలో రహస్యం ఎక్కడ దాస్తారు? దాయడానికి చోటు లేకపోతే కథే నడవదు.

యాంకర్: మరి దారం చివర?

రచయిత: పల్చటి పొర, డప్పు మీద చర్మంలా లాగి కట్టింది. మందంగా ఉంటే ముందు స, శ, ష లాంటివి మాయమవుతాయి, ఆ ధ్వనుల కంపనం మరీ వేగం కనక. లోపల ‘సంధి’ అన్నారా, ‘బంది’ అన్నారా? అక్కడొక అధ్యాయం పుడుతుంది. ఇంకోటి, దారం రెండు వైపులా మోస్తుంది. బయట దగ్గితే లోపలి పొర కూడా అదురుతుంది.

యాంకర్: దారం లేకుండా కుదరదా?

రచయిత: నిజంగానే జరిగింది. 1945లో మాస్కోలో అమెరికా రాయబారికి సోవియట్ పిల్లలు కొయ్యతో చెక్కిన అమెరికా రాజముద్ర ఇచ్చారు. లోపల సోవియట్ ఆవిష్కర్త లియోన్ థెరెమిన్ రూపొందించిన పరికరం: చిన్న లోహపు డబ్బా, దానికి పల్చటి పొర, ఒక యాంటెన్నా. బ్యాటరీ లేదు, వైరు లేదు. బయటి నుంచి రేడియో తరంగం పంపినప్పుడే పలికేది, మిగతా వేళ వట్టి లోహం. 1952 దాకా దొరకలేదు.

యాంకర్: దీన్ని మంత్రంలోకి ఎలా మారుద్దాం?

రచయిత: సింహాసనంలో ఒక పూస పొదగండి. కోట బయట ఒకరు మంత్రం జపిస్తున్నంతసేపే అది పలుకుతుంది. జపం ఆగాక సోదా చేస్తే మామూలు పూసే. అయితే ఆ మాస్కో మాటలు ఒక బ్రిటిష్ రేడియో ఆపరేటర్ చెవిన కూడా పడ్డాయి. మీ కథలోనూ అదే శ్రుతిలో ఉన్న మరో మంత్రగాడికి వినపడనివ్వండి.

యాంకర్: రాజు వైపు నుంచి విరుగుడు?

రచయిత: గదిలో నీటిధార. దాని ఎడతెగని హోరులో అన్నిటికన్నా ముందు మునిగేవి మెల్లగా పలికిన హల్లులే. కానీ ధార పూసకు దగ్గరగా పడాలి. మాట్లాడేవాళ్ల పక్కన పెడితే హోరుకు వాళ్లే గొంతు పెంచేస్తారు, ధార చేసిన మేలు కొంత పోతుంది.