మంచు గుడ్లగూబ దక్షిణానికి దిగినప్పుడు

అందరికీ నమస్కారం. మంచు గుడ్లగూబను బెదరగొట్టకుండా వెతికి ఫొటో తీయడం ఎలాగో చెబుతాను.

మంచు గుడ్లగూబ ఆర్కిటిక్ టండ్రాలో, అంటే ఉత్తర ధ్రువం వైపు చెట్లు లేని చలి మైదానాల్లో, పుట్టి పెరిగే పక్షి. ఏటా చలికాలంలో కొన్ని దక్షిణ కెనడాకూ, అమెరికా ఉత్తర రాష్ట్రాలకూ వస్తాయి. కొన్నేళ్లకోసారి ఆ హద్దు కూడా దాటేస్తాయి. 2013–14 చలికాలంలో ఒకటి ఫ్లోరిడా తీరంలో, ఇంకొకటి బెర్ముడాలో తేలాయి. 2021 జనవరిలో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒకటి వాలింది. 1890 తర్వాత అక్కడ కనిపించడం అదే మొదలు.

ఇలా వచ్చినవన్నీ తిండిలేక వచ్చాయని చాలామంది నమ్ముతారు. పెద్ద ఎత్తున దిగే ఏళ్లలో సాధారణంగా జరిగేది వేరు. దానికి ఆహారమైన లెమ్మింగ్‌లు (ఎలుకల్లాంటి చిన్న జంతువులు) విపరీతంగా పెరిగిన వేసవిలో గూళ్లలో ఎక్కువ పిల్లలు బతుకుతాయి, ఆ కుర్ర పక్షులే శీతకాలానికి నాలుగు దిక్కులా చెదురుతాయి. ఆ 2013 డిసెంబరులోనే మొదలైన ప్రాజెక్ట్ స్నోస్టార్మ్ వంటి మంచు గుడ్లగూబల పరిశోధనల్లో పట్టి తూచిన పక్షుల్లో ఎక్కువ భాగం పుష్టిగానే ఉన్నాయి. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఫొటో కోసం ఎలుకలు విసిరేవాళ్లు చెప్పే సాకు ఆ ‘ఆకలి’ కథే. ఎర రుచి మరిగిన పక్షి మనుషుల దగ్గరకూ, రోడ్ల మీదకూ వస్తుంది. దక్షిణానికి వచ్చిన గుడ్లగూబల చావులకు పెద్ద కారణాల్లో వాహనాలు ఒకటి.

వెతకాల్సింది టండ్రాను పోలిన నేలల్లో. విమానాశ్రయాల చుట్టూ ఉన్న మైదానాలు, సముద్రపు ఇసుక దిబ్బలు, కోత అయిన పొలాలు, గ్రేట్ లేక్స్ అనే అమెరికా–కెనడా పెద్ద సరస్సుల ఒడ్డున అలలను ఆపే రాతికట్టలు చూడండి. చెట్ల గుబుర్లలో వెతకడం దాదాపు దండగ. పగలంతా చిన్న మిట్ట మీద కళ్లు మూసుకుని, సున్నం వేసిన రాయిలా కదలకుండా కూర్చుంటుంది. అందుకే పొద్దు వాలే ముందు గంట మంచి సమయం. అప్పుడది ఒళ్లు దులుపుకుని తల తిప్పడం మొదలుపెడుతుంది. ఎనిమిది లేదా పది రెట్ల బైనాక్యులర్‌తో ఒక అంచు నుంచి రెండో అంచు దాకా మెల్లగా జల్లెడ పట్టండి. అనుమానం వచ్చిన ప్రతి తెల్ల ముద్ద మీదా అర నిమిషం ఆగండి. ప్లాస్టిక్ సంచి, మంచు గడ్డ, ఎండిన దుంగ, పక్షులను బెదరగొట్టడానికి పెట్టిన బొమ్మ గుడ్లగూబ, అన్నీ మోసం చేస్తాయి. కాకులు గుంపుగా ఒకే చోట అరుస్తూ దూకుతుంటే అటు చూడండి.

దొరికాక అసలు పని దాని ఒంటి తీరు చదవడం. కళ్లు సన్నని గీతల్లా ఉండి, ఒళ్లు బొద్దుగా ఉబ్బి ఉంటే ప్రశాంతంగా ఉన్నట్టు. కళ్లు గుండ్రంగా తెరిచి మిమ్మల్నే చూస్తూ, మెడ సాచి, ఈకలు ఒంటికి అదుముకుంటే మీరు ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లారు. ముందుకు వంగి రెట్ట వేసిందంటే ఎగరబోతోంది. ఆ దశ దాకా రానివ్వకండి. అక్కడికక్కడే ఆగి, మెల్లగా వెనక్కి వెళ్లండి. పసుపుపచ్చ కళ్లు విప్పార్చి కెమెరా వైపు తిరిగి ఎగిరిన ఫొటోలను చాలామంది మెచ్చుకుంటారు. వాటిలో చాలావాటి వెనక బెదరగొట్టడమే ఉంటుందని నా అభిప్రాయం. కారును దూరంగా ఆపి, ఇంజన్ కట్టేసి, లోపలే కూర్చుంటే ఎక్కువ సేపు నిలుస్తుంది.

ఇక కెమెరా. 500–600 మిల్లీమీటర్ల లెన్స్ కావాలి. కూర్చున్న పక్షికి 1/500 సెకను షట్టర్ వేగం సరిపోతుంది, ఎగిరేటప్పుడు 1/2000 లేదా ఇంకా వేగం పెట్టండి. తప్పులు ఎక్కువగా ఎక్స్‌పోజర్‌లో, అంటే ఫొటోకి ఎంత వెలుగు ఇవ్వాలన్న లెక్కలో, జరుగుతాయి. ఫ్రేమంతా మంచే ఉంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ దాన్ని బూడిదరంగు చేసేస్తుంది కాబట్టి ఒక స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) నుంచి ఒకటిన్నర దాకా పెంచాలి. అదే పక్షి గోధుమరంగు గడ్డిలో చిన్నగా కనిపిస్తుంటే వ్యవహారం తలకిందులవుతుంది. మీటర్ నేలను చూసి వెలుగు పెంచుతుంది, రొమ్ము ఈకలు మొత్తం తెల్లగా కాలిపోతాయి. అప్పుడు అర స్టాప్ నుంచి ఒక స్టాప్ తగ్గించాలి. నా సలహా మాన్యువల్ మోడ్, అంటే సెట్టింగులు మీరే పెట్టడం. అన్నిటికన్నా తెల్లని ఈక హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల పంపకం చూపే గ్రాఫ్) కుడి అంచుకు తగలకుండా ఒకసారి సరిచూసుకుంటే, వెలుగు మారనంత వరకూ పక్షి మంచు మీంచి చెట్ల ముందుకు వెళ్లినా ఎక్స్‌పోజర్ చెక్కుచెదరదు. కెమెరా మార్పులు చేయని రా (RAW) ఫైల్‌గా తీయండి.

ఫోకస్ సరిగ్గానే ఉన్నా ఫొటో మసకగా వస్తే లెన్స్‌ను తిట్టకండి. కారు హీటర్ గాలి కిటికీలోంచి బయటి చలిలోకి పోతూ లెన్స్ ముందే అలలు లేపుతుంది. హీటర్ ఆపి, అద్దాలు దించి, లోపలి గాలి బయటంత చల్లబడ్డాకే తీయండి. మధ్యాహ్నపు ఎండలో నేల మీద లేచే అలలకు మాత్రం మందు లేదు, పొద్దున్నే రావాలి. అదనపు బ్యాటరీలు లోపలి జేబులో పెట్టుకోండి. వెచ్చని గదిలోకి వెళ్లే ముందే కెమెరాను గాలి చొరని సంచిలో మూసేయండి. అది వెచ్చబడే దాకా తెరవకండి, లేకపోతే అద్దాల మీద తేమ పడుతుంది. ఫొటో పంచుకునే ముందు ఫైల్‌లోంచి జీపీఎస్ వివరాలు తీసేయండి. చోటి పేరు మాత్రం పక్షి వెళ్లిపోయాకే చెప్పండి.