టైకాండెరోగా కోటలో మా చందుర్తి మాట

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఈ వీడియో మా నాన్న కోసం. "ఎప్పుడూ మాల్సేనా అమ్మా, అక్కడ కోటల్లేవా?" అని అడిగారు. సోషల్ మాస్టారు మరి. నాన్నా, ఇదిగో టైకాండెరోగా కోట!

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది, ఆల్బనీ నుంచి దాదాపు రెండు గంటలు. పులిహోర కట్టుకొచ్చాం. టికెట్లు ఇద్దరికీ 50 డాలర్లు దాటాయి, అంటే నాలుగు వేల పైమాటే. బోర్డు చూడగానే మా బాబు "అమ్మా, నా పెన్సిల్!" అని అరిచాడు. ఇక్కడి పిల్లల పసుపు పెన్సిళ్ల మీద ఉండే పేరు ఈ ఊరిదే. పెన్సిల్ పట్టుకుని ఫొటో దిగేదాకా కదల్లేదు.

1755లో ఫ్రెంచివాళ్లు మొదలెట్టిన కోట ఇది. అప్పట్లో చెరువులే రోడ్లు. లేక్ జార్జ్ నుంచి షాంప్లేన్ మీదుగా కెనడా వెళ్లాలంటే దీన్ని దాటాల్సిందే. 1758 జులై 8న ఇంగ్లీషు జనరల్ అబర్‌క్రాంబీ సుమారు 16 వేల మందితో మీదికొచ్చాడు. ఫ్రెంచి సేనాపతి మాంకామ్ దగ్గర నాలుగు వేలు కూడా లేరు. అదిగో, ఆ మెరక మీద చెట్లు నరికి, కొమ్మల కొనలు చెక్కి అడ్డంగా పరిచారు. పొలానికి ముళ్లకంప కడతాం చూడండి, అలాగ. ఫిరంగులు తెప్పించకుండానే మనుషుల్ని దాని మీదికి తోలాడు అబర్‌క్రాంబీ. చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి దగ్గర దగ్గర 2 వేలు. ఇంగ్లీషు సేనలోని స్కాట్లాండ్ వాళ్ల బ్లాక్ వాచ్ పటాలంలో సగానికి పైగా చచ్చారో గాయపడ్డారో అయ్యారు. ఎవరి కొడుకులో పాపం, ఎక్కడికొచ్చి పడిపోయారో.

లోపల సిపాయి వేషంలో ఒకాయన బూట్లు కుడుతున్నాడు. ఆరెతో తోలుకి కన్నం, అందులోంచి మైనం రాసిన దారం, రెండు చేతులా బిగించి లాగడం. ఎక్కడినుంచి అని అడిగాడు. గొల్లప్రోలు అన్నాను. ఇంగ్లీషువాళ్లకీ ఫ్రెంచివాళ్లకీ ఇదే యుద్ధంలో, అదే 1758 డిసెంబర్‌లో, మా పక్కూరు చందుర్తిలోనూ పోరు జరిగిందని, విజయనగరం రాజు సేనతో కలిసి ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సేనాపతి కాన్‌ఫ్లాన్స్‌ని ఓడించాడని, మరుసటి ఏప్రిల్‌కి ఫ్రెంచివాళ్ల బందరు కోటా పోయిందని, నాన్న క్లాసులో చెప్పిందంతా చెప్పేశాను. ఆయన ఆరె పక్కన పెట్టి "చందుర్తి" అని రెండుసార్లు పలికి చూశాడు. నాకు కళ్లు తడయ్యాయండీ. ఇక్కడికొచ్చి ఇన్నేళ్లలో మా ఊరి పక్క పేరు ఇంకొకరి నోట వినడం ఇదే.

నాన్నా, రేపు బండి మీద వెళ్లి ఆ పొలాలు ఫోన్లో తీసి పంపు. ఆయనకి చూపిస్తానని మాటిచ్చాను.